కీర్తిశేషులు నందమూరి తారక రామారావుగారు

జూబిలీ హిల్సునందును ఫిలింనగరునందును తెలుగు చలనచిత్ర పరిశ్రమ నేడు కొన్ని వంశముల సొత్తువలె నడచుచున్నది. తండ్రి విడిచిన వేషమును తనయుడును, తనయుని పిమ్మట మనుమడును ధరించుట యచ్చట వింత గాదు. వారిలో రాజ్యాధికారమును గూడ చేపట్టి, దాని తీపిని చేదును చవిచూచినది నందమూరివారి కుటుంబము. దానికి మూలపురుషులగు తారక రామారావుగారి చరిత్రమును వారసత్వ దృష్టితో పరిశీలింప మేము తలంచితిమి. భూములును బిడ్డలును గల మన పాఠకులకు నిది పరాయి విషయము కాజాలదు.

వారు 1923 మే 28వ తేదీని కృష్ణాజిల్లా నిమ్మకూరున కర్షక కుటుంబమున జన్మించిరి. పిత్రార్జితముగా వచ్చిన కళ గాని పదవి గాని వారికి లేదు. గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో పట్టభద్రులై, సబ్ రిజిస్ట్రారు ఉద్యోగమును కొలది దినములకే విడనాడి మదరాసు చేరిరి. 1949లో "మనదేశము"న పోలీసు వేషము వేసినవారు 1951లో "పాతాళభైరవి"తో ప్రఖ్యాతులైరి. 1957లో "మాయాబజారు" వెలువడిన పిమ్మట జనులు శ్రీకృష్ణుని వారి ముఖముననే చూడజొచ్చిరి. 1977లో "దానవీరశూరకర్ణ"కు దర్శకులై, కర్ణ దుర్యోధన కృష్ణ పాత్రలు మూడును తామే ధరించి, అర్జునాభిమన్యుల వేషములను కుమారులు హరికృష్ణ, బాలకృష్ణగార్ల కొసంగిరి. దాయాదుల కలహమును ఇంటివారితోనే యాడించిరన్నమాట!

1982 మార్చి 29న తెలుగుదేశము పార్టీని స్థాపించి, హరికృష్ణగారు నడపిన వాహనముపై పల్లె పల్లెకు తిరిగి, 1983 జనవరి 9న ముఖ్యమంత్రులైరి. 1984 ఆగస్టున గవర్నరు వారిని తొలగింపగా, ప్రజలు సహింపకుండుటచే నెల దినములలో మరల గద్దె నెక్కిరి. కిలో రెండు రూపాయల బియ్యమును గూర్చి యెరుగనివారు లేరు.

మా దృష్టిలో నంతకన్న ముఖ్యములు మరి రెండు పనులు. తరతరములుగా కొన్ని కుటుంబముల చేతిలో నుండిన మునసబు కరిణీకములను 1984లో రద్దు గావించిరి. ఆ దెబ్బ తగిలిన గృహములు మన పాఠకులలోను లేకపోలేదు. ఐనను గ్రామాధికారము పుట్టుకచే సంక్రమించుట న్యాయమని యెవరనగలరు? రెండవది, 1986 నాటి శాసనము. ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కుమారునితోపాటు కుమార్తెకును సమాన భాగమును, 1985 సెప్టెంబరు 5 నుండి వర్తించునట్లు, అది కల్పించెను. అప్పటికే వివాహితలైనవారికి మాత్రము వర్తింపలేదు. దేశమంతటికిని అట్టి హక్కు 2005 వరకు రాలేదు. పసుపు కుంకుమల పేర కొంత యిచ్చి, ఆడుబిడ్డచే హక్కు విడుదల పత్రము వ్రాయించుకొను పెద్దలు నేటికిని గలరు. ఇది శాసనమును వంచించుటయే.

ఇట్టి శాసనకర్త తమ పార్టీకి వారసు డెవరో తేల్చలేదు. 1993లో లక్ష్మీపార్వతిగారిని వివాహమాడిన పిమ్మట అధికార మామె వశమగునను శంక కుటుంబమున ప్రబలెను. 1994లో అఖండ విజయము లభించినను, 1995 ఆగస్టున అల్లుడు చంద్రబాబునాయుడుగారు శాసనసభ్యులలో నధిక సంఖ్యాకులను తమవైపు త్రిప్పుకొనిరి. హరికృష్ణగారును ఆ పక్షముననే నిలిచిరి. పదవి కోల్పోయిన రామారావుగారు 1996 జనవరి 18న హైదరాబాదున దివంగతులైరి. ప్రజలిచ్చిన అధికారమును ఇంటి ఆస్తిగా నెంచుట ఇరుపక్షముల దోషమని మేము తలంతుము.

అటుపిమ్మట నటన కుమారుల శాఖకు చెందినది. తాతగారి పేరే గల మనుమడు నేడు అగ్రనటులలో నొకడు. కుమార్తె పురందేశ్వరిగారు 2004లో కాంగ్రెసు పక్షమున లోకసభకు ఎన్నికై, పిదప కేంద్రమంత్రిణియైరి. తండ్రి స్థాపించిన పార్టీ మాత్రము మరియొక కుమార్తె భువనేశ్వరిగారి శాఖకు పోయినది; అదియును ఆమె చేతికి గాదు, ఆమె భర్తకును, 2024లో మంత్రియైన కుమారుడు లోకేశ్‌గారికిని.