పెట్టెలో పెట్టె విప్పిన మనిషి: ఎడ్గర్ కాడ్

మారతహళ్ళి వంతెన చుట్టుపక్కల కోచింగ్ సెంటర్ల బోర్డుల మీద ఒరాకిల్, ఎస్‌క్యూఎల్ అన్న మాటలు మనకు అలవాటే. సీమ నుంచీ కోస్తా నుంచీ వచ్చి పీజీల్లో ఉంటూ ఆ కోర్సులు నేర్చుకునే అక్కలు ఎంతోమంది. ఆ మాటల వెనకున్న మనిషి ఎడ్గర్ ఫ్రాంక్ కాడ్.

1923లో ఇంగ్లండు దక్షిణ తీరాన పోర్ట్‌లాండ్ దీవిలో పుట్టాడు. ఆక్స్‌ఫర్డ్‌లో గణితం, రసాయనశాస్త్రం చదివాడు. రెండో ప్రపంచయుద్ధంలో విమానం నడిపాడు. 1948లో న్యూయార్క్ వెళ్ళి ఐబీఎంలో చేరాడు. సెనేటర్ మెకార్తీ కమ్యూనిస్టులన్న అనుమానంతో జనాన్ని వేధిస్తున్న రోజులవి. అది సహించలేక 1953లో కెనడా వెళ్ళిపోయాడు. కొన్నేళ్ళకి తిరిగొచ్చి, నలభై దాటాక, 1965లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు తీసుకున్నాడు.

అసలు కథ కాలిఫోర్నియాలోని ఐబీఎం పరిశోధనశాలలో. అప్పట్లో కంప్యూటర్లో సమాచారం పెట్టెలో పెట్టెలా ఉండేది. ఉద్యోగి ఒక పెట్టె. అందులో అతను చేసిన కొలువులు, ఒక్కో కొలువు లోపల జీతాల లెక్క, ఇంకోపక్క పిల్లల పేర్లు. పిల్లల గురించి ఏం అడిగినా తండ్రి పెట్టె తెరిచి, దారి వెతుక్కుంటూ లోపలికి పోవాల్సిందే. ఆ దారి ప్రోగ్రాము రాసినవాడికే తెలుసు. పెట్టెలు సర్దిన తీరు మారిందా, పాత ప్రోగ్రాములు దారి తప్పేవి.

1970 జూన్‌లో అచ్చయిన వ్యాసంలో కాడ్ సరిగ్గా ఈ ఉద్యోగి ఉదాహరణే తీసుకున్నాడు. లోపలి పెట్టెలన్నీ బయటికి తీసి, ఒక్కోదాన్నీ విడి పట్టికగా పరిచాడు. పిల్లల పట్టికలో ప్రతి వరసలోనూ తండ్రి ఉద్యోగి నంబరుంటుంది. జీతాల పట్టికలో ఆ నంబరుతోపాటు కొలువులో చేరిన తేదీ కూడా. వేరుకాపురం పెట్టినా ఇంటిపేరు వెంట వస్తుంది కదా, అలాగన్నమాట. (ఆడపిల్లల ఇంటిపేరు సంగతి ఇక్కడ వదిలేద్దాం!) ఇక ఎటునుంచైనా అడగొచ్చు.

ఈ చిక్కు ఇంకా పోలేదు. ఒక వెబ్ ఫారం నింపితే విద్యార్థిని, ఆమె సబ్జెక్టులు, ఒక్కో సబ్జెక్టులో పరీక్షల మార్కులు, అన్నీ ఒకదాంట్లో ఒకటి చుట్టుకుని వస్తాయి. చాలామంది ఆ మూట విప్పకుండా జేసన్ రూపంలో ఒకే గడిలో పడేస్తారు. 2015 నుంచి మైఎస్‌క్యూఎల్ కూడా దానికి వీలిచ్చింది. మూటగా పెట్టి మూటగానే తీసుకునేదైతే నష్టం లేదు. రెండో పరీక్షలో ఎవరెవరు తప్పారని తరచూ అడిగేటట్టుంటే మాత్రం కాడ్ చెప్పినట్టు పట్టికలుగా విడదీయడమే మేలని నాకనిపిస్తుంది.

సొంత కంపెనీ ఆయన మాట వెంటనే తలకెక్కించుకోలేదు. పెట్టెల పద్ధతిలో నడిచే ఐఎంఎస్ అప్పటికే వాళ్ళకి బాగా అమ్ముడుపోతోంది మరి. తర్వాత ఐబీఎంలోనే ఎస్‌క్యూఎల్ పుట్టింది గానీ, 1979లో దాన్ని ముందుగా బజారుకి తెచ్చింది మాత్రం ఇప్పుడు ఒరాకిల్ అంటున్న చిన్న కంపెనీ. ఆ ఎస్‌క్యూఎల్ కూడా కాడ్‌కి పూర్తిగా నచ్చలేదు.

1981లో ట్యూరింగ్ పురస్కారం వచ్చింది. పేరుకి మాత్రమే రిలేషనల్ అని అమ్ముతున్నారని విసిగి, 1985లో 12 నియమాలు ప్రకటించాడు. సున్నా నుంచి లెక్కపెట్టాడు కాబట్టి నిజానికవి 13. 2003 ఏప్రిల్ 18న ఫ్లోరిడాలోని తన ఇంట్లో, 79వ ఏట కన్నుమూశాడు.