ఫిడేలు నాయుడుగారు

తంత్రీవాద్యము అనగానే తెలుగువారికి మొదట స్ఫురించునది వీణ. బొబ్బిలికి సమీపమున గల గొల్లపల్లిలో పనసకఱ్ఱను తొలిచి వీణలు చేయు శిల్పులు నేటికిని కలరు. వీణకు 24 మెట్లు, వాయించుటకు నాలుగు తీగలు, తాళమునకు మూడు తీగలు ఉండును. తంబురకు నాలుగు తీగలే, మెట్లు లేవు. అది రాగమును పలుకదు, శ్రుతిని మాత్రము నిలుపును. ఇవి మీటి పలికించు వాద్యములు. కమానుతో రాచి పలికించునవి వేఱొక జాతి. ఉత్తరాదిని సారంగి, దక్షిణాదిని ఫిడేలు ఈ జాతిలో పేరెన్నిక గన్నవి. వీనిలో ఫిడేలు మనది కాదు, పరదేశమునుండి వచ్చినది. ఆ పరదేశవాద్యమే ఇంటిపేరైనదో అన్నట్లు ఫిడేలు నాయుడుగారని లోకముచే పిలువబడిన తెలుగువారు ద్వారం వెంకటస్వామినాయుడుగారు.

ఫిడేలు 16వ శతాబ్దమున ఇటలీ దేశములో రూపుదిద్దుకొనెను. క్రెమోనా నగరపు శిల్పులు దానికి ప్రసిద్ధి తెచ్చిరి. ఐరోపావారివెంట అది మనదేశమునకు వచ్చెను. ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు (1786–1859) మద్రాసులో ఒక ఐరోపా వాద్యకునియొద్ద దానిని అభ్యసించి కర్ణాటక సంగీతమునకు అనువుగా మలచుకొనిరి. తంజావూరు వడివేలుగారికి స్వాతి తిరునాళ్ మహారాజు 1834లో ఏనుగుదంతపు ఫిడేలును బహూకరించిరి. పాశ్చాత్యులు దానిని గడ్డముక్రింద అదిమిపట్టి వాయింతురు. మనవారు నేలపై కూర్చుండి, ఒక కొనను ఎదకును, రెండవ కొనను కుడిపాదమునకును ఆనించి వాయింతురు. నాలుగు తీగలను షడ్జ పంచమములకు, మరల షడ్జ పంచమములకు శ్రుతిచేయుదురు. మెట్లు లేకపోవుటచే వ్రేలు తీగపై ఎట్లు జారిన అట్లు గమకము పలుకును. ఇంతటి యోగ్యత గల వాద్యమైనను చిరకాలము గాయకుని ప్రక్కన కూర్చుండి ఆయన పాడినదానిని అనుసరించుటయే దాని ముఖ్యవృత్తిగా నుండెను.

వెంకటస్వామినాయుడుగారు 1893వ సంవత్సరము నవంబరు 8వ తేదీన, దీపావళినాడు, బెంగుళూరులో జన్మించిరి. తండ్రి సైన్యమున ఉద్యోగి. మనలో అనేకులవలె ఆయనయు కొలువునిమిత్తము స్వస్థలమునకు దూరముగ సంసారము నడిపినవారే. ఉద్యోగవిరమణానంతరము కుటుంబము విశాఖపట్టణమున స్థిరపడెను. ఆ ఇంట ఫిడేలు క్రొత్తది కాదు. అన్నగారగు వెంకటకృష్ణయ్యగారే ఆయనకు తొలిగురువు.

పండుగ దీపముల నడుమ పుట్టిన ఆ బాలుని కన్నులకు మాత్రము వెలుగు చాలలేదు. చిన్నతనముననే చూపు మందగించెను. నల్లబల్లపై వ్రాసినది కనబడని పిల్లవానికి పాఠశాలలో చోటు దొరకలేదు. చూపు చాలదని బడినుండి పంపివేసిరి. చదువు లేనివానికి ఉద్యోగము లేదు, ఉద్యోగము లేనివానికి బ్రదుకు లేదు అని మధ్యతరగతి కుటుంబములు తలంచు కాలమది. ఆ ఇంటివారు ఎంత దిగులుపడిరో ఊహించుట కష్టము కాదు. అయినను బాలుని చేతిలో ఫిడేలు ఉండెను. ఫిడేలుపై వ్రేలు పడవలసిన చోటును కన్ను చూపదు, చెవి చూపును. బడి పోగొట్టిన కాలమంతయు సాధనకు వినియోగమాయెను. గంటలతరబడి, ఏండ్లతరబడి ఆయన చేసిన అభ్యాసమే ఆయన విద్యాభ్యాసము.

1919లో విజయనగర ప్రభువులు విజయరామ గజపతిరాజుగారు సంగీత కళాశాలను స్థాపించిరి. ఆస్థానోద్యోగి కుమారుడైన ఒక అంధబాలుని సంగీతాభిలాషయే ఆ కళాశాల స్థాపనకు ప్రేరణ యని చెప్పుదురు. హరికథాపితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి అధ్యక్షులు. నాయుడుగారు అక్కడకు విద్యార్థిగా చేరవలెనని వెళ్లిరనియు, ఆయన వాదనము విన్న పిమ్మట విద్యార్థిగా గాక ఆచార్యునిగానే నియమించిరనియు ప్రతీతి. ఏది యెట్లున్నను, ఆ యేటనే 26 ఏండ్ల ప్రాయమున ఆయన అక్కడ ఫిడేలు ఆచార్యులైరి. చూపు లేదని ఒక విద్యాలయము వెలుపలకు పంపినవానిని, చూపులేని బాలుని నిమిత్తము వెలసిన మఱొక విద్యాలయము ఆదరించి పీఠమిచ్చెను. 1936లో నారాయణదాసుగారి అనంతరము ఆయనయే కళాశాలాధ్యక్షులైరి. ఆయన అధ్యక్షతలో ఆ కళాశాలలో చదివినవారిలో ఘంటసాల వేంకటేశ్వరరావుగారు ఒకరు.

నాయుడుగారు మహాగాయకులెందరికో ప్రక్కవాద్యము వాయించిరి. కాని వారి కమానునుండి వెడలిన నాదము మఱొకరి గానమునకు నీడయై నిలువజాలినది కాదు. పాశ్చాత్యుల ఫిడేలు వాదనమును సైతము వారు శ్రద్ధతో ఆలకించి, కమానును నడుపుటలోని మెలకువలను గ్రహించిరి. అయినను పలికినది మన రాగము, మన గమకము. నిడుపైన కమాను విసరులు, తెగని నాదధార, బిగ్గరగా మ్రోయుటకును మెల్లగా తగ్గుటకును నడుమ గల సూక్ష్మభేదములు వారి బాణికి గురుతులు. 1938లో వెల్లూరున వారు ఫిడేలును ప్రధానవాద్యముగా నుంచి కచేరి చేసిరి. గాయకుడు లేకయే సభను రంజింపజేయగల వాద్యముగా ఫిడేలును నిలిపినవారిలో నాయుడుగారిది అగ్రస్థానము.

ఇంతటివారికి ఏ వాద్యముపై మక్కువ అధికమన్నచో, రాగము పలుకని తంబురపైననే. దాని లక్షణములనుగూర్చి వారు వ్యాసములు సైతము వ్రాసిరి. శ్రుతిశుద్ధి లేని విద్వత్తును వారు విద్వత్తుగా నెంచలేదు.

గౌరవములు ఒకదానివెంట ఒకటి వచ్చెను. 1941లో మద్రాసు సంగీత విద్వత్సభ సంగీత కళానిధి బిరుదము నిచ్చెను. ఆంధ్ర విశ్వవిద్యాలయము కళాప్రపూర్ణ బిరుదముతో సత్కరించెను. 1953లో సంగీత నాటక అకాడమీ పురస్కారము, 1957లో పద్మశ్రీ లభించినవి. 1952లో జగద్విఖ్యాత ఫిడేలు విద్వాంసుడు యెహుదీ మెనూహిన్ భారతదేశమునకు వచ్చినపుడు, మద్రాసు ఉన్నత న్యాయస్థాన ప్రధాన న్యాయమూర్తి పి.వి. రాజమన్నారుగారి ఇంట నాయుడుగారి ఫిడేలు వినెను. పడమటినుండి బయలుదేరిన వాద్యము తూర్పుతీరమున ఏ రూపము దాల్చినదో ఆ పడమటి విద్వాంసుడు ఆనాడు స్వయముగ విని ముగ్ధుడయ్యెను.

నాయుడుగారు 1964వ సంవత్సరము నవంబరు 25వ తేదీన స్వర్గస్థులైరి. కుమార్తె మంగతాయారుగారు, కుమారుడు భావనారాయణరావుగారు మొదలగువారు ఆ బాణిని నిలిపిరి. శతజయంతి వత్సరమగు 1993లో భారత తపాలాశాఖ వారి పేర స్మారక తపాలాబిళ్లను వెలువరించెను.

పరీక్షలలో వెనుకబడిన పిల్లవానిని చూచి దిగులుపడు తల్లిదండ్రులు మన ఇండ్లలో ఎల్లప్పుడు నుందురు. అట్టివారు నాయుడుగారి బాల్యము నొకసారి తలచుకొనవలెను. బడి ఆ బాలునిలో లేనిదానిని లెక్కించెను. ఇల్లు ఉన్నదానిని గుర్తించెను. అన్నగారు ఆ చేతికి ఫిడేలు నీయకపోయినయెడల, ఒక విదేశవాద్యము మన నాదముతో అంత నిండుగా పలుకుటను తెలుగుదేశము విని యుండెడిది కాదు.