టేబుల్ వెనకున్న మనిషి: ఎడ్గార్ కాడ్

డీబీఎంఎస్ ఎగ్జామ్‌కి ముందు కాడ్ 12 రూల్స్ అందరం బట్టీ పడతాం. ఆ కాడ్ ఎవరో మాత్రం పెద్దగా పట్టించుకోం. కానీ ఆయన కథ తెలిస్తే మన ట్రిగ్గర్ కోడ్ కూడా ఇంకాస్త బాగా అర్థమవుతుంది.

ఎడ్గార్ కాడ్ 1923 ఆగస్టు 19న ఇంగ్లండ్‌లో పుట్టారు. ఏడుగురు పిల్లల్లో ఆఖరివారు. ఆక్స్‌ఫర్డ్‌లో లెక్కలు, కెమిస్ట్రీ చదివారు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళంలో పైలట్‌గా పనిచేశారు. తర్వాత అమెరికా వెళ్లి ఐబీఎంలో ప్రోగ్రామర్‌గా చేరారు. సెనేటర్ మెకార్తీ రాజకీయాలు నచ్చక 1953లో కెనడా వెళ్లిపోయి, కొన్నేళ్లకు తిరిగొచ్చారు. నలభై దాటాక, 1965లో మిషిగన్ యూనివర్సిటీ నుంచి పీహెచ్‌డీ తీసుకున్నారు.

అప్పట్లో డేటా కావాలంటే ఏ రికార్డు నుంచి ఏ రికార్డుకి దారి ఉందో ప్రోగ్రామరే తెలుసుకోవాలి. 1970లో కాడ్ రాసిన పేపర్ దాన్ని తిరగేసింది. డేటా అంతా టేబుళ్లే, ఏం కావాలో అడిగితే చాలు, ఎలా తేవాలో సిస్టమ్ చూసుకుంటుంది అన్నది ఆయన ఆలోచన. ఐబీఎంకి అప్పటికే ఐఎంఎస్ మీద బాగా ఆదాయం వస్తోంది. అందుకే సొంత ఉద్యోగి ఆలోచన అయినా తొందరపడలేదు. 1979లో ఎస్‌క్యూఎల్ డేటాబేస్‌ని ముందుగా మార్కెట్‌లోకి తెచ్చింది ఒరాకిల్. 1981లో కాడ్‌కి ట్యూరింగ్ అవార్డు వచ్చింది.

ఇప్పుడు మన ట్రిగ్గర్ సంగతికి వద్దాం. కాడ్ లెక్కలో క్వెరీ జవాబు ఎప్పుడూ టేబులే. అందులో సున్నా రోలు ఉండొచ్చు, వెయ్యి ఉండొచ్చు. మన వేరియబుల్‌లో పట్టేది ఒక్కటే. చిక్కంతా అక్కడే.

కంచికచర్లలో ఒక పత్తి గోడౌన్ ఉందనుకోండి. లారీ లోడింగ్ ఎంట్రీ పడే ముందు పోస్ట్‌గ్రెస్ ట్రిగ్గర్ నడుస్తుంది. సెలెక్ట్ ఇంటూతో స్టాక్‌ని వేరియబుల్‌లోకి తీసుకుని, అది 50 బేళ్ల కన్నా తక్కువైతే ఎర్రర్ ఇవ్వాలి. ఆ గోడౌన్‌కి అసలు రోనే లేకపోతే? ఎర్రర్ రాదు, వేరియబుల్‌లో నల్ పడుతుంది. నల్‌ని 50తో పోలిస్తే నిజమూ కాదు, అబద్ధమూ కాదు. ఇఫ్ లోపలికి వెళ్లదు. లేని సరుకు పేరు మీద ఎంట్రీ పడిపోతుంది. రెండు రోలుంటే ఏదో ఒకటి తీసుకుని రెండోది వదిలేస్తుంది.

తెలియని విలువని సున్నాగా చూడకూడదని పట్టుబట్టింది కూడా కాడే. 1985లో ఇచ్చిన రూల్స్‌లో మూడోది అదే. కాబట్టి నల్‌ని తిట్టుకుని లాభం లేదు, అడగాల్సింది మనమే. ఇంటూ పక్కన స్ట్రిక్ట్ రాస్తే, రో లేకపోయినా ఒకటి కన్నా ఎక్కువున్నా ఎర్రర్ వస్తుంది. లేదా వెంటనే ఫౌండ్ చెక్ చేయాలి, కానీ అది రెండు రోల సంగతి చెప్పదు.

కాడ్ 2003 ఏప్రిల్ 18న ఫ్లోరిడాలో, 79 ఏళ్ల వయసులో కన్నుమూశారు. మన ఫీజు రసీదు, బస్ టికెట్, రేషన్ కార్డు లాంటివన్నీ ఇవాళ ఎక్కడో ఒక టేబుల్‌లో రోలే. ఆ రో ఉందో లేదో చూసుకోకుండా వేరియబుల్‌ని నమ్మితే, నష్టపోయేది ఆ రోలో ఉండాల్సిన మనిషే.