యూజీన్ అట్జే: మాయమవుతున్న పారిస్‌ను గాజు పలకల్లో దాచారు.. పేరొచ్చే వేళకి ఆయనే లేరు!

తెల్లవారుజామున పారిస్ ఇంకా నిద్ర లేవకముందే ఆయన వీధుల్లో ఉండేవారు. వెంట బరువైన చెక్క కెమెరా, స్టాండు, గాజు పలకల పెట్టె. ఈఫిల్ టవర్ జోలికి పెద్దగా వెళ్లేవారు కాదు. పాత ఇళ్ల మెట్లు, దుకాణాల అద్దాలు, వీధుల్లో తిరిగి సరుకులమ్మేవాళ్లు, చెత్త ఏరుకునేవాళ్ల గుడిసెలు.. ఆయనకు కావాల్సింది ఇవే. ఆయన పేరు యూజీన్ అట్జే.

1857లో ఫ్రాన్స్‌లోని లిబోర్న్‌లో పుట్టారు. చిన్నప్పుడే తల్లిదండ్రులు పోయారు. కుర్రతనంలో ఓడలో పనిచేశారు. ఆ తర్వాత పారిస్ చేరి నటుడయ్యారు. కానీ గొంతు దెబ్బతినడంతో నాటకాలు వదిలేయాల్సి వచ్చింది. కొన్నాళ్లు బొమ్మలు గీశారు, అదీ కుదరలేదు. చివరికి కెమెరా పట్టారు. చిత్రకారులు చూసి గీసుకోవడానికి పనికొచ్చే ఫొటోలు అమ్మడమే ఆయన వ్యాపారం. తానో కళాకారుడినని ఏనాడూ చెప్పుకోలేదు.

అప్పటికే పారిస్ రూపం మారిపోతోంది. 1853లో హౌస్‌మన్ మొదలుపెట్టిన కూల్చివేతలతో పాత బస్తీలు పోయి వెడల్పాటి రోడ్లు వచ్చాయి. 1900లో మెట్రో వచ్చింది. మిగిలిన పాత ఊరు కూడా ఎంతోకాలం ఉండదని అట్జేకు అర్థమైంది. అందుకే 1897 ప్రాంతం నుంచి వీధి వీధీ తిరుగుతూ ఫొటోలు తీయడం మొదలుపెట్టారు. దాదాపు 30 ఏళ్ల పాటు అదే పని. ఆ కెమెరాతో ఫొటో తీయాలంటే కాసేపు ఆగాలి. దాంతో ఎదురుగా నడిచి వెళ్లినవాళ్లు కొన్ని ఫొటోల్లో నీడల్లా మాత్రమే కనిపిస్తారు. ఊరు కదలకుండా నిలబడితే, మనుషులు కరిగిపోయినట్టుంటుంది.

మ్యూజియంలు, లైబ్రరీలు ఆయన ఫొటోలు కొనేవి. అయినా డబ్బు అంతంతమాత్రమే. మొదటి ప్రపంచ యుద్ధంలో గాజు పలకలను నేలమాళిగలో దాచారు. 1920లో 2,600కు పైగా పలకలను 10 వేల ఫ్రాంకులకు ప్రభుత్వానికి అమ్మేశారు. 1926లో ఓ పత్రిక ఆయన ఫొటోను కవర్‌పై వేసింది. 1912లో సూర్యగ్రహణం చూస్తూ రోడ్డు మీద నిలబడ్డ జనం ఫొటో అది. తన పేరు మాత్రం వేయొద్దన్నారు అట్జే. అదే ఏడాది జీవిత సహచరి వాలంటైన్ కన్నుమూశారు.

1927లో అమెరికాకు చెందిన యువ ఫొటోగ్రాఫర్ బెరెనిస్ అబాట్ ఆయన్ను తన స్టూడియోకు పిలిచి ఫొటోలు తీశారు. వాటిని చూపిద్దామని ఆయన ఇంటికి వెళితే అప్పటికే అంతా అయిపోయింది. ఆగస్టు 4న అట్జే చనిపోయారు.

అబాట్ అక్కడితో వదిలేయలేదు. ఆయన దగ్గర మిగిలిన పలకలు, వేల ఫొటోలు కొని అమెరికా తీసుకెళ్లారు. 40 ఏళ్లు కాపాడి 1968లో న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్‌కు అప్పగించారు. మారిపోతున్న న్యూయార్క్‌ను అబాట్ కూడా అలాగే కెమెరాలో బంధించారు.

అట్జే ఫొటోల్లోని చాలా వీధులు ఇప్పుడు లేవు. ఆ మెట్లు, ఆ దుకాణాలు, ఆ బళ్లు ఎలా ఉండేవో తెలియాలంటే ఆయన ఫొటోలే దిక్కు.