గిడుగు రామమూర్తి – గ్రామ్యపద విచారము

గ్రంథమందలి పదమునకును వాడుకలోని పదమునకును అర్థమొక్కటే యనియు, భేదము గౌరవమునందు మాత్రమే యనియు పలువురు తలంతురు. ఈ యభిప్రాయమును పరీక్షకు నిలిపినవారిలో గిడుగు వేంకట రామమూర్తిగారు ప్రముఖులు.

వీరు 1863 ఆగస్టు 29వ తేదీన శ్రీముఖలింగ సమీపమునగల పర్వతాలపేటలో జన్మించిరి. 1880లో పర్లాకిమిడియందు ఉపాధ్యాయులైరి. ఆ ప్రాంతపు కొండలలోని సవరల భాష ముండా కుటుంబమునకు చెందినది. అప్పటికి దానికి లిపి లేదు. రామమూర్తిగారు దానిని మాటలాడువారి నోటినుండియే నేర్చి, సవర బాలురకై పాఠశాలలు నెలకొల్పి, వాచకములు రచించిరి. వీరి సవర వ్యాకరణము 1931లోను, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లోను వెలువడినవి. గ్రంథాధారము లేని భాషలో అర్థనిర్ణయమునకు ప్రయోగమే శరణ్యము. వీరి తెలుగు విచారమునకును ఈ యనుభవమే పునాది యనవచ్చును.

1907 ప్రాంతమున యేట్సు దొర, గురజాడ అప్పారావు, పి. టి. శ్రీనివాస అయ్యంగార్లతో కలసి వీరు వాడుకభాషాబోధనకై కృషి యారంభించిరి. 1911లో ఉద్యోగవిరమణ చేసి, 1919లో ‘తెలుగు’ పత్రికను స్థాపించిరి. ప్రతిపక్షులు వాడుకభాష నంతటిని గ్రామ్యమనిరి. శిష్టుల వాడుక వేరనియు, గ్రామ్యము వేరనియు వీరు వాదించిరి. గ్రంథమే ప్రమాణమనువారి రచనలలోనే వ్యాకరణదోషములను చూపిరి.

ఈ వాదమునకు అర్థవిచారము బలము చేకూర్చును. ‘కూడు’ ప్రాచీనకావ్యములలో ఆహారమునకు సాధారణనామము; నేటి వాడుకలో ఆ మాట నిరసనను సూచించును. ‘బువ్వ’ పసివారి మాట, ‘అన్నము’ అందరిది. ‘కంపు’ పూర్వకవులకు పరిమళము, నేటివారికి దుర్గంధము. కాబట్టి ప్రాచీనపదమును శిష్టమనియు, వాడుకపదమును హీనమనియు నిర్ణయించి ఒకదాని స్థానమున మరొకదానిని నిలిపినచో అర్థమే మారును.

రామమూర్తిగారు తెలుగు, ఒడియా, సవర భాషలు కలసిన సీమలో జీవించిరి. అట్టి సంపర్కము పరరాష్ట్రములలోని తెలుగువారికిని కలదు. 1955నాటి సోవియట్ ఒప్పందముతో రూపొంది, 1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేసు ప్రారంభమైన భిలాయి ఉక్కునగరమునకు ఉత్తరాంధ్రమునుండి పలువురు కార్మికులు వెళ్ళిరి. కర్మాగారపు తెలుగులో ‘డ్యూటీ’ యనగా ‘ఉద్యోగము’నకు పర్యాయపదము కాదు. నేడు డ్యూటీ లేదనినచో అది విశ్రాంతిదినము. ఉద్యోగమే లేదనినచో జీవనాధారము పోయినట్లు. అన్యదేశ్యమని ‘డ్యూటీ’ని తొలగించి ‘ఉద్యోగము’ను నిలిపినవాడు కార్మికుని మాటను సంస్కరింపలేదు, దాని యర్థమునే చెరచినాడు.

1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రమేర్పడి పర్లాకిమిడి అందు చేరగా, రామమూర్తిగారు అర్ధశతాబ్దికి పైగా నివసించిన ఆ పట్టణమును వీడి రాజమహేంద్రవరము చేరిరి. 1938లో ఆంధ్రవిశ్వవిద్యాలయము వీరిని కళాప్రపూర్ణ బిరుదముతో గౌరవించెను. 1940 జనవరి 22వ తేదీన దివంగతులైరి. వీరి జన్మదినము నేడు తెలుగు భాషాదినోత్సవమై యున్నది. నిఘంటుకర్తలు ప్రతిపదమునకును దానిని పలుకువారు, పలుకు సందర్భము గుర్తించి అర్థము వ్రాసిననాడే వీరి కృషి సఫలమగును.