అరవై ఐదేళ్ళ ఫ్రెషర్

జూనియర్లూ, వరంగల్‌కి స్వాగతం!

సీట్ అలాట్‌మెంట్ వచ్చినప్పటి నుంచి మీలో చాలామంది అడుగుతున్నది ఒకటే. కోడింగ్ అస్సలు రాదు, మిగతావాళ్ళు ఇంటర్‌లోనే పైథాన్ నేర్చుకుని వస్తున్నారట, మేం వెనకబడిపోతామా అని. తెలుగు మీడియం వాళ్ళకి దానికి తోడు ఇంగ్లీష్ భయం. మీకు స్పీచ్ ఇచ్చే వయసు నాది కాదు, నాకూ పంతొమ్మిదే. అందుకని మన జిల్లాలో పుట్టిన ఒకాయన గురించి చెప్తాను. పేరు మీకు తెలిసిందే, పీవీ నరసింహారావు. జీకే బిట్లలో ఆయన్ని ప్రధానమంత్రిగా బట్టీ పట్టేసుంటాం. నాకు మాత్రం ఆయనలోని స్టూడెంట్ అంటే ఇష్టం.

1921 జూన్ 28న నర్సంపేట దగ్గర లక్నేపల్లిలో పుట్టారు. చిన్నప్పుడే వంగరలో ఒక కుటుంబానికి దత్తత వెళ్ళారు. చదువుకోడానికి హనుమకొండ వచ్చారు. అప్పుడు ఇదంతా నిజాం రాజ్యం. ఇంట్లో తెలుగు, చదువు ఉర్దూలో. అంటే మీడియం సమస్య మనతో మొదలైంది కాదు.

1938లో ఆయన ఇంటర్ చదువుతున్నప్పుడు వందేమాతరం ఉద్యమం వచ్చింది. ఆ గీతం పాడొద్దని అధికారులు ఆంక్ష పెడితే విద్యార్థులు వినలేదు. చాలామందిని చదువుల నుంచి బహిష్కరించారు. వాళ్ళలో పీవీ ఒకరు. వయసు పదిహేడు, దాదాపు మీ వయసే. హైదరాబాద్ సంస్థానం మొత్తానికి ఉస్మానియా ఒక్కటే యూనివర్సిటీ. అది వద్దన్నాక ఇక్కడ చదువుకునే దారి లేదు.

అప్పుడు నాగపూర్ యూనివర్సిటీ అలా బయటికి పంపేసిన విద్యార్థుల్ని చేర్చుకుంది. పీవీ అక్కడికి వెళ్ళి ఇంటర్ పూర్తి చేశారు. తర్వాత పుణెలో ఫెర్గూసన్ కాలేజీలో బీఎస్సీ, మళ్ళీ నాగపూర్‌లో లా. ఊరు కొత్త, చుట్టూ వినపడే భాష మరాఠీ. ఆయన ఆ మరాఠీని ఏదో బతకడానికి సరిపడా నేర్చుకుని వదిలెయ్యలేదు. హరి నారాయణ్ ఆప్టే రాసిన మరాఠీ నవలని తర్వాత 'అబల జీవితం' పేరుతో తెలుగులోకి తెచ్చారు. విశ్వనాథ సత్యనారాయణ 'వేయిపడగలు'ని 'సహస్రఫణ్'గా హిందీలోకి అనువదించారు. ఇంగ్లీష్ మీడియం చదువు పుణ్యమా అని నాకు ఆ పుస్తకం సైజు చూస్తేనే చెమటలు పడతాయి. ఆయనకి పదికి పైగా భాషలొచ్చు, వాటిలో స్పానిష్ కూడా ఉంది.

1971లో ముఖ్యమంత్రి అయ్యారు. భూసంస్కరణలు మొదలుపెట్టారు. ముల్కీ గొడవ, జై ఆంధ్ర ఉద్యమం మధ్య 1973లో పదవి పోయింది. తర్వాత ఢిల్లీ వెళ్ళారు.

మనకి అసలు పనికొచ్చే భాగం ఇక్కడుంది. 1980ల మధ్యలో ఆయన రాజీవ్ గాంధీ కేబినెట్‌లో మంత్రి. కొత్త తరం కంప్యూటర్ల గురించి మాట్లాడుతోంది, పాత తరం నాయకులకి అవి అర్థం కావనే అభిప్రాయం ఉంది. పీవీకి అప్పటికి అరవై ఐదేళ్ళు. హైదరాబాద్‌లో ఉన్న కొడుకుతో ఒక కంప్యూటర్ తెప్పించుకున్నారు. మాన్యువల్స్ ముందు పెట్టుకుని కోబాల్, బేసిక్ నేర్చుకున్నారు. తర్వాత యూనిక్స్ మీద కూడా కూర్చున్నారు. యూట్యూబ్ లేదు, స్టాక్ ఓవర్‌ఫ్లో లేదు. ఎగ్జామ్ లేదు, ప్లేస్‌మెంట్ అంతకన్నా లేదు. కేంద్రమంత్రికి ప్రోగ్రామ్ రాయాల్సిన అవసరమేంటి? ఆయన్ని ఎవరూ అడగలేదు కూడా.

దాదాపు అదే సమయంలో విద్యాశాఖ ఆయన చేతిలో ఉన్నప్పుడే నవోదయ విద్యాలయాలు మొదలయ్యాయి. మీలో నవోదయ పిల్లలు తప్పకుండా ఉంటారు.

1991 ఎన్నికల్లో ఆయన పోటీ చెయ్యలేదు. ఇక రిటైరవుదామని పుస్తకాలు సర్దుకున్నారు. రాజీవ్ గాంధీ హత్య తర్వాత, డెబ్భై నిండడానికి వారం ముందు, జూన్ 21న ప్రధాని అయ్యారు. అప్పుడు దేశం దగ్గరున్న విదేశీ మారకం కొన్ని వారాల దిగుమతులకే సరిపోతుంది. మన్మోహన్ సింగ్‌ని ఆర్థికమంత్రిగా తెచ్చుకుని లైసెన్స్ రాజ్‌ని చాలావరకు తీసేశారు. మనం ప్లేస్‌మెంట్స్ అని కలవరించే కంపెనీలు ఇక్కడ ఇంతగా పెరగడానికి ఆ మార్పులు ఒక పెద్ద కారణం.

ఆయన మీద విమర్శలు లేవని కాదు. 1992లో బాబ్రీ మసీదు కూల్చివేతని ఆపలేకపోయారన్నది వాటిలో పెద్దది, ఆ వాదన ఇప్పటికీ నడుస్తోంది. 2004 డిసెంబర్ 23న, నేను పుట్టకముందే, చనిపోయారు. భారతరత్న 2024లో వచ్చింది. రాజకీయాల సంగతి మీరే చదివి తేల్చుకోండి. ఆయన దగ్గర నేను తీసుకున్నది ఒకటే: ఏమీ తెలియని చోట మొదటి బెంచీలో కూర్చోడానికి ఆయన సిగ్గుపడలేదు. ఉర్దూ, మరాఠీ, స్పానిష్, కోబాల్, ప్రతిసారీ అ ఆల నుంచే మొదలుపెట్టారు.

కాబట్టి మొదటి ల్యాబ్‌లో సెమీకోలన్ మర్చిపోతే కంగారుపడకండి. ఎర్రర్ మెసేజ్‌ని చివరిదాకా చదవండి. పక్కవాడు టకటకా టైప్ చేస్తుంటే ఎలా చేశావని వాడినే అడగండి. ఇంగ్లీష్‌లో అడగడం రాకపోతే తెలుగులో అడగండి. క్లాసులో డౌట్ మిగిలితే సాయంత్రం సీనియర్ల రూమ్ తలుపు కొట్టండి, మేం ఖాళీగానే ఉంటాం.

అన్నట్టు, వంగర ఇక్కడికి దగ్గరే. ఆయన ఇల్లు అక్కడే ఉంది. ఏదో ఒక ఆదివారం నలుగురు కలిసి వెళ్ళిరండి.