విశాఖ ఖగోళ పరిశీలకుడు అంకితం వెంకట నరసింగరావు

శ్రీహరికోట నుండి రాకెట్టు లేచినప్పుడల్లా పులికాట్ సరస్సు ఒడ్డున ఉన్న తడ ప్రజలందరూ తలలెత్తి చూడటం పరిపాటి. 2015 సెప్టెంబరు 28న నక్షత్ర పరిశీలన కోసమే నిర్మింపబడిన ఆస్ట్రోశాట్ ఉపగ్రహం కూడా ఆ దీవి నుండే లేచింది. అంతటి సాధన సంపత్తి లేని కాలంలో, ఏ ప్రభుత్వమూ నియమింపకుండానే, తన సొంత ధనంతో ఆకాశాన్ని గమనించి, చూచినదానిని లండనుకు వ్రాసి పంపిన తెలుగువాడొకడు ఇదే సముద్రతీరాన, ఇంకా ఉత్తరాన, విశాఖపట్టణంలో ఉండేవాడు. ఆయన పేరు అంకితం వెంకట నరసింగరావు. ఆయన జీవితాన్ని విద్యార్థులకు పరిచయం చేయాలని మేము సంకల్పించాము.

నరసింగరావుగారు 1827లో జన్మించారు. ఆయన మామగారు గోడే వెంకట జగ్గారావు. 1817లో పుట్టిన ఈ జమీందారు మద్రాసు వేధశాలలో టైలరు దొర వద్ద ఖగోళశాస్త్రం అభ్యసించి, 1840లో విశాఖపట్టణంలోని తమ తోటలో సొంత వేధశాల నెలకొల్పాడు. ఆ వేధశాల ఊరికి సరియైన కాలాన్ని కూడా తెలియజేసేది. అందుకై డాల్ఫిన్ నోస్ కొండపై ఒక జెండాకొయ్య ఉండేది. జగ్గారావుగారు 1856లో, నలుబదియేండ్లు నిండకుండానే, కీర్తిశేషులైనారు. మామగారి ఆస్తితోపాటు ఆయన దూరదర్శిని కూడా అల్లుని పరమైంది. ఆస్తిని నిలుపుకొన్న అల్లుళ్ళు మనదేశంలో ఎందరో గలరు. దూరదర్శినిని నిలుపుకొన్నవారు అరుదు.

పరిశీలన అంటే కేవలం చూడటమని కొందరి అభిప్రాయం. చూచిన వస్తువు, చూచిన క్షణం, నిలిచిన చోటు, వాడిన పరికరం, నాటి ఆకాశ స్థితి, ఈ అయిదింటినీ వ్రాసి పెడితేనే అది శాస్త్రానికి పనికివస్తుంది. భూమి తిరుగుట వలన విశాఖ నేల ఒక్క సెకనులో సుమారు 440 మీటర్లు తూర్పునకు కదులుతుంది. కనుక గడియారంలో ఒక్క సెకను తప్పు దొరలితే పరిశీలకుడు అర కిలోమీటరు దూరాన నిలిచినట్లే లెక్క. విశాఖ స్థానిక కాలం గ్రీనిచ్ కాలం కంటె దాదాపు 5 గంటల 33 నిమిషాలు ముందు. వేధశాల గడియారాన్ని నక్షత్రాల ఉచ్చదాటుతో సరిచూచుకోవడమే అక్కడి నిత్యకృత్యం. ఎవరికీ కనబడని ఈ చాకిరీయే అసలు పని అని మా ఉద్దేశం.

ఈ సందర్భంలో ఈజిప్టు పండితుడు అలీ ఇబ్న్ రిజ్వాన్ మాకు జ్ఞాపకం వస్తున్నాడు. 1006లో ఆకాశంలో ఒక మహానక్షత్రం హఠాత్తుగా ప్రజ్వరిల్లినప్పుడు ఆయన ఇంకా యౌవనారంభంలో ఉన్నాడు. దాని కాంతితోపాటు ఆనాటి సూర్యచంద్రుల, గ్రహాల స్థానాలను కూడా ఆయన వ్రాసిపెట్టాడు. అందువల్లనే దాదాపు వేయి సంవత్సరాల తరువాత శాస్త్రజ్ఞులు ఆ తేదీని లెక్కగట్టి, అది సూపర్నోవా అనీ, దాని శకలాలు ఎక్కడున్నవనీ నిర్ణయింపగలిగారు. ఇప్పుడు ఔత్సాహికుడైన పరిశీలకుడు క్రొత్త నక్షత్ర విస్ఫోటనాన్ని చూస్తే క్షణాలలో దానిని నమోదు చేయించవచ్చు. 2016 నుండి అంతర్జాతీయ ఖగోళ సంఘం పక్షాన సూపర్నోవాలకు పేర్లు పెట్టే నమోదు వ్యవస్థ ఒకటి నడుస్తున్నది. నరసింగరావుగారికి ఉన్న వ్యవస్థ ఓడ టపా.

ఆ టపాలోనే ఆయన బుధ సంక్రమణాన్ని, గ్రహణాలను, తోకచుక్కలను గూర్చిన పరిశీలనలను లండనులోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి పంపేవారు. ఆ సంఘం తన మాసపత్రికలో వాటిని అచ్చువేసింది, 1871లో ఆయనను సభ్యునిగా స్వీకరించింది. మరుసటి సంవత్సరమే మద్రాసు వేధశాలలోని చింతామణి రఘునాథాచారి కూడా అదే గౌరవం పొందారు. 1867లో ఒక చరకాంతి నక్షత్రాన్ని కనుగొన్న ఘనుడాయన.

నరసింగరావుగారి జీవితంలో పెద్ద దినం 1874 డిసెంబరు 9. ఆ ఉదయం శుక్రగ్రహం నల్లని చుక్కవలె సూర్యబింబాన్ని దాటింది. నాలుగు గంటలకు పైబడిన ఆ ప్రయాణాన్ని వేర్వేరు దేశాల నుండి కొలిచి, సూర్యునికి భూమికి గల దూరాన్ని నిర్ణయించాలని ఐరోపా రాజ్యాలు ఓడలపై పండితులను పంపాయి. నరసింగరావుగారు ఎక్కడికీ పోలేదు. ఆ సంవత్సరమే అమర్చుకొన్న ఆరంగుళాల దూరదర్శినితో తమ తోటలో నిలిచే స్పర్శకాలాలను గుర్తించి పంపారు. ఎనిమిదేండ్ల తరువాత, 1882లో, అటువంటి సంక్రమణం మరల వచ్చినా అప్పుడు మనదేశంలో రాత్రి. ఆ తరువాతిది 2004 వరకు లేదు. అనగా ఆయనకు దక్కిన అవకాశం ఆ ఒక్క ఉదయమే.

ఇంత కష్టపడి నెలకొల్పిన వేధశాల ఏమైనదని విద్యార్థులు అడుగవచ్చు. హైదరాబాదులో నవాబ్ జఫర్ జంగ్ 1901లో సొంతంగా స్థాపించిన వేధశాలను, ఆయన మరణానంతరం 1908లో నిజాం ప్రభుత్వం స్వీకరించింది. తరువాత అది ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చేరింది, కాబట్టి దాని పని తరతరాలు సాగింది. విశాఖ వేధశాలకు ఆ భాగ్యం కలుగలేదు. నేడు డాబా గార్డెన్స్ అంటే దుకాణాలు, వాహనాల రద్దీ. దూరదర్శిని ఉండిన చోటును వెదకి చూపగలవారు అరుదు. ఆయన పంపిన అంకెలు మాత్రం ఆ లండను పత్రిక సంపుటాలలో ఈనాటికీ ఎవరైనా చదువుకొనేటట్లు ఉన్నవి.

నరసింగరావుగారు 1892లో పరమపదించారు. విశాఖలోని మిసెస్ ఎ.వి.ఎన్. కళాశాల పేరులోని అక్షరాలు ఆయనవే. ఆ కుటుంబపు దాతృత్వానికి గుర్తుగా ఆ పేరు వచ్చింది. ఆయన కన్నుమూసిన ఆ 1892లోనే చంద్రశేఖర అయ్యరు అనే భౌతికశాస్త్ర ఉపన్యాసకుడు ఆ కళాశాలలో చేరడానికి కుటుంబంతో సహా విశాఖకు వచ్చాడు. అప్పుడు ఆయన వెంట ఉన్న నాలుగేండ్ల బాలుడు ఆ ఊళ్ళోనే పెరిగి, ఆ కళాశాలలోనే చదివి, మద్రాసు చేరాడు. అతడే సి.వి. రామన్.